వంకర కర్ర కుర్చీ

బార్నబే రావ్నెల్ పోయిన రోజున పారిస్ క్లేరీ వీధిలోని కుర్చీల వడ్రంగులందరూ కంటతడి పెట్టారు, ఒక్క అతని భార్య ఉర్సుల్ తప్ప. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికున్నన్నాళ్ళూ సారా కొట్టు అరుగు మీద పడి దొర్లిన మనిషి, శవపేటిక గుమ్మం దాటేసరికి మహా పనివాడైపోయాడు. అలాంటి చెయ్యి మళ్ళీ పుట్టదని ఒకడు, ఆ కుర్చీకాళ్ళ నాజూకు ఎవరికొస్తుందని ఇంకొకడు. ఉర్సుల్ నల్లముసుగు కింద పళ్ళు కొరుక్కుంటూ నడిచింది.

"ఏడుపు రాకపోతే కాస్త ఉల్లిపాయన్నా తరుక్కోవాల్సింది అమ్మగారూ, అందరూ మిమ్మల్నే చూస్తున్నారు" అని దుకాణంలో పాత పనివాడు లెనార్ట్ చెవిలో గొణిగాడు.

"వాడి కోసం ఉల్లిపాయ దండగ" అంది ఉర్సుల్.

ఆమె కోపం మొగుడు తాగుబోతని కాదు. ఆ వీధిలో తాగనివాడెవడు? అతనికి దక్కిన పేరంతా ఆమెదని కోపం. ఉర్సుల్ తండ్రి పిగాష్ మేస్త్రీ ఒకప్పుడు ఆ వీధికే పెద్ద. మగపిల్లలు లేరు. కూతురు ఆరేళ్ళ వయసు నుంచి రంపపు పొట్టులో ఆడుకుంటూ ఉలి పట్టడం నేర్చింది. అయితే వడ్రంగుల సంఘంలో ఆడదానికి చోటు లేదు. మేస్త్రీ కూతుర్ని చేసుకున్న అల్లుడికి మాత్రం సంఘం తలుపులు సగం తెరిచే ఉంటాయి. బార్నబే ఆ సగం తలుపులోంచి దూరాడు. మేస్త్రీ అనిపించుకోవాలంటే సంఘం పెద్దల ముందు పరీక్షగా ఒక కుర్చీ చేసి చూపించాలి. అతగాడు పట్టపగలు గుర్రు పెట్టి నిద్రపోతుంటే ఆ కుర్చీ కాళ్ళు నాలుగూ ఉర్సులే చెక్కింది. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు, పెళ్ళై నెల. మొగుడు గొప్పవాడైతే తనకూ గొప్పే అనుకునే వయసు. ఆ మతిమాలిన తనానికి తనను తాను ఎన్నడూ క్షమించుకోలేదు.

ఆ రోజుల్లో ఈ ఊళ్ళో తిన్నని గీత అంటే నామోషీ. కుర్చీ కాలు మేక వెనక్కాలులా వంగాలి, వీపు వంపు తిరగాలి, చేతులు అలల్లా జారాలి, సందు దొరికిన చోటల్లా పువ్వో గవ్వో ఉండాలి. మూల అనేది ఎక్కడా కనబడకూడదు. కూర్చునే దొరసానులు కూడా అలాగే ఉండేవాళ్ళు, ఏ మాటా తిన్నగా అనేవాళ్ళు కాదు. ఇంతలో నేపుల్స్ దగ్గర బూడిద కింద ఎప్పుడో కప్పబడిపోయిన ఊళ్ళను తవ్వుతున్నారని కబురొచ్చింది. నలుగురు పండితులు వెళ్ళి చూసొచ్చి, లావుపాటి పుస్తకాలు అచ్చేయించారు. ఇక చూడండి, పాతికేళ్ళుగా ముద్దొచ్చిన వంపులన్నీ ఏడాది తిరిగేసరికి పాపమైపోయాయి. తలకట్టు గ్రీకు, నశ్యం డబ్బీ గ్రీకు, పాపిడి గ్రీకు. గ్రీసు ఏ దిక్కునుందో తెలియని పెద్దమనిషి తన బొచ్చుకుక్కకు కూడా గ్రీకు పేరు పెట్టుకున్నాడు.

కుర్చీ కాలు గుడి స్తంభమైంది. పై నుంచి కిందికి సన్నబడుతూ, ఒంటి నిండా నిలువు గాడులు చెక్కించుకుని, నిటారుగా నిలబడింది. కాలు చట్రాన్ని కలిసే చోట నాలుగు పలకల దిమ్మె, దాని మీద ఒక గుండ్రటి పువ్వు. వీపు అయితే కోడిగుడ్డులా ఉండాలి, లేదా పలకలా ఉండాలి. అంచుల వెంట ముత్యాల వరస, లారెల్ ఆకులు, మలుపులు తిరిగే గ్రీకు గొలుసు. దాని మీద సుద్ద పూత పది పొరలు, ఆపైన బంగారు రేకు. పైన పటారం, లోన లొటారం.

"ముల్లంగిని తలకిందులు చేసి నాలుగు చోట్ల గుచ్చితే గ్రీకు కుర్చీ" అనేది ఉర్సుల్. "వంగిపోయిన నడుములవాళ్ళకు తిన్నటి వీపులు కావాల్సొచ్చాయి."

అలా తిట్టిందే గానీ, నిజం చెప్పాలంటే ఆ నిటారు కాలు ఆమెకు నచ్చింది. వంపులో తప్పు దాగుతుంది. సన్నబడే తిన్నని కాలులో వెంట్రుకవాసి తేడా వచ్చినా కన్ను పట్టేస్తుంది. పొద్దున్నే కిటికీ వెలుగులో గాడి వెంట గాడి చెక్కుతుంటే ఆమెకు తిండి కూడా గుర్తొచ్చేది కాదు. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

బార్నబేకు కొత్త పద్ధతి అంతుపట్టలేదు. దిమ్మెలో రెండు వైపుల నుంచి వచ్చే చట్రం కొసలను, అంటే కుసులను, ఒకే ఎత్తున దింపాడు. లోపల రెండు బెజ్జాలూ కలిసిపోయి దిమ్మె గుల్లయింది, దాని మీద పువ్వు చెక్కేవాడు మరికాస్త తవ్వాడు. ఆ కుర్చీ మీద కూర్చున్న చర్చి పెద్దాయన కాళ్ళు పైకి, తల కిందికి అయ్యాడు. అయ్యవారిని చేయబోతే కోతి అయింది. ఉర్సుల్ చూసి, ఒక కుసిని పైకి, ఒకదాన్ని కిందికి జరిపి కొత్త కొలత గీసిచ్చింది. ఆ తర్వాత ఆ ఇంట్లోంచి వెళ్ళిన కుర్చీ ఒక్కటీ కదల్లేదు. వీధి అంతా ఆ కొలతే వాడుకుంది. దాని పేరు ఏమిటో తెలుసా? రావ్నెల్ దిమ్మె.

మొగుడు పోయాక సంఘం వాళ్ళు వచ్చి, వితంతువుగా ఉన్నంత కాలం మొగుడి పేరు ముద్రతో దుకాణం నడుపుకోవచ్చన్నారు. మేస్త్రీ పేరు చెక్కిన ఇనప ముద్రను ప్రతి కుర్చీకీ అడుగు చట్రం మీద సుత్తితో కొట్టాలి. ఏడాదికి నాలుగు సార్లు పెద్దలొచ్చి, సరుకు చూసి, బాగుంటే పక్కనే మూడక్షరాల సంఘం ముద్ర కొడతారు. బాగుండకపోతే పట్టుకుపోతారు. పదకొండేళ్ళ పాటు ఉర్సుల్ కొలతలు గీసింది, కర్ర ఎంచింది, కాళ్ళు చెక్కింది, అన్నిటి కిందా 'బి. రావ్నెల్' అని కొట్టింది. కొట్టిన ప్రతిసారీ ఆ తాగుబోతుకు ఇంకో గ్లాసు పోసినట్టుండేది ఆమెకు.

వడగళ్ళకు పంటలు పోయి రొట్టె ధర ఆకాశానికంటిన ఏడాది, పదిహేడు వందల ఎనభై ఎనిమిదో సంవత్సరం వేసవిలో, లోర్మో అనే వర్తకుడు దుకాణానికొచ్చాడు. ఈ వర్తకులు ఒక జాతి. ఉలి పట్టరు, సూది పట్టరు. దొరలింటికి పోయి నాలిక ఆడిస్తారు, వడ్రంగి దగ్గరకొచ్చి వేలు ఆడిస్తారు. మధ్యలో ఉన్నదంతా వాళ్ళ జేబులోకి. లోర్మో పట్టు చేతిరుమాలుతో బల్ల మీద పొట్టు దులిపి, ఒక అచ్చుబొమ్మ పరిచాడు. సన్నటి కుర్చీ. ముందు కాళ్ళు ముందుకీ, వెనక కాళ్ళు వెనక్కీ కత్తుల్లా వంగి ఉన్నాయి. వీపు పైన ఒకే ఒక్క అడ్డపట్టీ, భుజాలను చుట్టినట్టు.

"చూడండమ్మా. గ్రీకు గ్రీకు అని ఇన్నాళ్ళూ మనం చేసుకున్నది గ్రీకే కాదట. అసలు సిసలు కుర్చీ ఇదీ. బూడిద కింద దొరికిన గోడ మీద ఉంది. పన్నుల గుత్తేదారు గారి అతిథుల సావిడికి ఎనిమిది కావాలి."

ఉర్సుల్ బొమ్మను కాసేపు తేరిపార చూసింది. "గోడ మీద బొమ్మ ఇది. ఇందులో కూర్చున్నావిడ కూడా బొమ్మే కదా. ఆవిడకు బరువెక్కడుంది?"

"అదీ, పురాతన సౌందర్యం అంటే..."

"నాకు సౌందర్యం తెలీదు బాబూ, పిర్రలు తెలుసు. తిన్నటి చెక్కలోంచి ఈ వంపు కోస్తే కర్ర నార అడ్డంగా తెగుతుంది. బరువు పడగానే ఎండు రొట్టెలా పుటుక్కుమంటుంది."

"లావుగా చెయ్యడానికి వీల్లేదు. బొమ్మలో ఎంత సన్నగా ఉందో అంతే. పండితులు కొలుచుకుని మరీ చూస్తారు."

"అయితే ముందు ఒకటి చేసి చూపిస్తా. ఎలా చెయ్యాలో నాకు వదిలెయ్యండి."

"మీరేం చేసినా నాకు పర్లేదు. కింద రావ్నెల్ ముద్ర, పక్కన సంఘం ముద్ర ఉండాలి. అంతే" అని లోర్మో చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఉర్సుల్ ఆ బొమ్మ ముందు నుంచి లేవలేదు. ఈ వీధిలో ఇంతవరకూ ఎవరూ చెయ్యని కుర్చీ అది. వంపూ ఉంది, నిటారుతనమూ ఉంది. బొమ్మ గీసినవాడు ఎవడో గానీ వెర్రివాడు కాదనిపించింది. ఆమెలో ఇన్నేళ్ళుగా అణిగి ఉన్న కోరిక అప్పుడు బయటికొచ్చింది. ఈ కుర్చీని పరీక్షకు పెట్టి, తన సొంత పేరుతో మేస్త్రీ అనిపించుకోవాలి.

"సంఘం పెద్ద కోర్బెల్ గురించి తెలిసే అంటున్నారా?" అన్నాడు లెనార్ట్. "వాడికి నిబంధనల పుస్తకమే బైబిలు. ఆడపిల్లి మ్యావ్ అన్నా ఏ నిబంధన కింద అన్నావని అడిగే రకం."

"కుర్చీ నిలబడితే నిబంధన అదే ఒంగుతుంది."

"నిబంధన ఒంగదమ్మా, మనమే ఒంగుతాం. నలభై ఏళ్ళుగా నా నడుం చూడండి."

మర్నాడు ఆమె సెన్ నది ఎగువన పడవలు కట్టేవాళ్ళ దగ్గరికి పోయింది. పడవ పక్కటెముకల కోసం వాళ్ళు వంగి పెరిగిన కర్రనే ఏరి ఎండబెడతారు. గాలికో వాలుకో పుట్టుకతోనే వంపు తిరిగిన కర్ర అది, నార కూడా వంపు వెంటే పోతుంది. కుర్చీల వడ్రంగి ఎవడూ దాన్ని కన్నెత్తి చూడడు. తిన్నటి పలక తప్ప వేరే కర్రను ముట్టుకుంటే పరువు తక్కువని వాళ్ళ నమ్మకం.

"మీ కుర్చీ ఏటి మీద తేలాలా అత్తా?" అని పడవలవాడు నవ్వాడు.

"తేలాల్సిన పన్లేదు. నీలాంటి వాడు కూర్చుంటే మునక్కుండా ఉంటే చాలు."

పొద్దున పోయిన మనిషి మధ్యాహ్నం దాకా కర్ర కర్రా తిరగేసి, నాలుగు ముక్కలు ఏరుకొచ్చింది. మూడు వారాలు పట్టింది కుర్చీకి. లెనార్ట్ చట్రం బిగించాడు, తక్కినదంతా ఆమె చేతి పనే. బంగారం పుయ్యనివ్వలేదు. సుద్ద కింద దాచుకోవాల్సింది ఏమీ లేదంది. పని పూర్తయ్యాక వీధిలో నీళ్ళు మోసే బొద్దుమనిషిని పిలిచి, నిండు బిందెలతో సహా కూర్చోబెట్టింది. తర్వాత లెనార్ట్‌ను అతని ఒళ్ళో కూర్చోమంది.

"నన్నా? ఈయన ఒళ్ళోనా?" అన్నాడు లెనార్ట్.

"సిగ్గుపడకు, పెళ్ళి చేస్తాననలేదు. కూర్చో."

కుర్చీ కిక్కురుమనలేదు. ఉర్సుల్ నేల మీద చతికిలబడి, చెవి చట్రానికి ఆనించి విన్నది. ఏమీ వినబడకపోయేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొగుడి చావుకు రాని నీళ్ళు అవి. గబగబా ముక్కు చీది లేచింది.

సంఘం పెద్దలు ముగ్గురు వచ్చారు, ముందు కోర్బెల్ మేస్త్రీ. ఆయన ఉలి వదిలేసి పదిహేనేళ్ళయింది, బొజ్జ అప్పటి నుంచే మొదలైంది. వాళ్ళు కుర్చీ చుట్టూ మూడు సార్లు తిరిగారు. తట్టారు, ఊపారు, పడుకోబెట్టారు. లోపం దొరకలేదు. ముగ్గురి మొహాల్లోనూ ఒకే బాధ కనబడింది. చివరికి కుర్చీ కాలి అడుగు భాగాన్ని కోర్బెల్ వేలితో గీరి, నార ఎటు పోతుందో చూశాడు. మొహం వెలిగిపోయింది.

"ఇది వంకర కర్ర."

"వంకర కాలికి వంకర కర్ర కాకపోతే ఇంకేం కర్ర మేస్త్రీగారూ?"

"నిబంధనలో ఏముందో తెలుసా? కుర్చీకి వాడే కర్ర ఎండినదై, చేవగలదై, పుచ్చులేనిదై, నిటారుగా ఉండాలి. నిటారుగా!"

"ఆ నిబంధన రాసిన నాడు ఈ కాలు లేదు కదండీ. తిన్నటి చెక్కతో చేస్తే విరుగుతుంది. మీకు తెలుసు. మీరూ ఒకప్పుడు పనివాళ్ళే."

"విరుగుతుందో లేదో మాకనవసరం. నిబంధన ప్రకారం ఉందా లేదా, అంతే చూస్తాం. అయినా..." కోర్బెల్ తక్కిన ఇద్దరి వైపు చూసి కన్ను గీటాడు. "ఇది నువ్వే చేశావని రుజువేంటమ్మా? ఆడవాళ్ళు కుర్చీ మీద కూర్చోవాలి గానీ..."

ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఉర్సుల్ ఉలి తీసి బల్ల మీద పెట్టింది. "చెక్క ఇవ్వండి, మీ ముందే చెక్కుతా."

"నోరు అదుపులో పెట్టుకో. ఉన్న ముద్రతో దుకాణం నడుపుకోవడం నీకు చేదైందా? రావ్నెల్ పేరు చాలదా?" అన్నాడు కోర్బెల్. పోతూపోతూ ఇద్దరు కూలీలను పిలిచి కుర్చీని సంఘం కచేరీకి మోయించాడు. నిబంధనకు విరుద్ధమైన సరుకు కాబట్టి జప్తు.

వారం తిరక్కుండా లోర్మో దిగాడు. సంఘం మెచ్చని కుర్చీ తనకు వద్దన్నాడు. తిన్నటి చెక్కతో, బొమ్మలో ఉన్నంత సన్నగా ఎనిమిది చెయ్యమన్నాడు.

"విరుగుతాయి" అంది ఉర్సుల్.

"సంఘం సరేనన్నాక విరిగితే నా తప్పేముంది?"

ఇదీ ఆ ఊరి బుద్ధి. ఉర్సుల్ తిన్నటి పలకలు తెప్పించి, ఎనిమిది కుర్చీలూ బొమ్మలో ఉన్నట్టే సన్నగా కోయించింది. కోర్బెల్ వచ్చి, కర్ర నిటారుగా ఉందని మురిసిపోయి, ఎనిమిదింటి మీదా సంఘం ముద్ర కొట్టాడు. పక్కన మేస్త్రీ ముద్ర కొట్టేటప్పుడు ఉర్సుల్ సుత్తిని రెండు చేతులతో ఎత్తి దించింది.

"అంత గట్టిగా ఎందుకమ్మా?" అన్నాడు లెనార్ట్.

"చదవడానికి వీలుగా ఉండాలి."

అది మంచి పని కాదు. ఆమె కూడా మంచి పననుకోలేదు. ఎవరి నడుమో విరుగుతుందని తెలిసీ పంపింది. అయితే ఆ రోజున ఆమె మనసులో ఆ ఊరి నడుముల మీద జాలి ఒక్క చుక్క కూడా మిగల్లేదు.

ఆ చలికాలంలో నది గడ్డకట్టింది, జనం రొట్టెల కొట్ల ముందు తోసుకున్నారు. గుత్తేదారు గారి సావిడిలో మాత్రం పండితులు కూర్చుని పూర్వీకుల నిరాడంబరత్వాన్ని కొనియాడుతూ వేటకోడి మాంసం లాగించారు. అందులో ఒక పండితుడు, బూడిద ఊళ్ళ మీద రెండు సంపుటాలు రాసిన పెద్దమనిషి, ప్రాచీనులు కూర్చునే భంగిమ ఇదీ అని చూపించబోయి వెనక్కి వాలాడు. కుర్చీ కాలు పుటుక్కుమంది. ఆయన్ని లేపడానికి వంగిన ఇంకొకాయన కుర్చీ కూడా అదే పని చేసింది. విరిగినవాటిని తలకిందులు చేసి చూశారు. అక్షరాలు వేలి మందాన దిగి ఉన్నాయి. బి. రావ్నెల్.

లోర్మో రొప్పుతూ వచ్చాడు. "నా పరువు తీశావు! మేస్త్రీ పేరు అడిగి మరీ తెలుసుకున్నారు వాళ్ళు! ఊరంతా రావ్నెల్ అంటే నవ్వుతోంది!"

"అలాగా?" అంది ఉర్సుల్. "ఆయన శ్మశానంలో ఎడమ వైపు మూడో వరసలో ఉంటాడు. పోయి తిట్టి రండి."

ఆమె పదకొండేళ్ళుగా నవ్వని నవ్వు నవ్వింది. శవయాత్రలో మహా పనివాడని ఏడ్చిన వీధి, ఇప్పుడు బార్నబే ఎప్పుడూ మోసగాడేనని చెప్పుకుంది. పాపం, ఈ ఒక్క తప్పూ ఆయన చెయ్యనిదే. ఉర్సుల్ మూడు రోజులు పండగ చేసుకుంది.

నాలుగో రోజు నుంచి ఎవరూ రాలేదు. రావ్నెల్ ముద్ర ఉన్న కుర్చీ ఎవరికీ అక్కర్లేదు, ఆమెకు వేరే ముద్ర లేదు. మూడో నెలకు లెనార్ట్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మగారూ, తిడతారా?"

"పొయ్యేవాణ్ణి తిట్టి ఏం లాభం?"

"ఒక్క మాట. అయ్యగారి పేరు ముంచుదామని మన పడవకే చిల్లు పెట్టుకున్నారు."

అతను పోయాక దుకాణం బావురుమంది. ఆమెకు అతని మీద కోపం రాలేదు, తన మీద వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళు చర్చి గడ్డికుర్చీలు బాగుచేస్తూ, ఉల్లి పులుసులో ఎండు రొట్టె నానబెట్టుకు తింటూ బతికింది. ఆ రెండేళ్ళలో రాజుగారి జైలు కోట కూలింది, దొరలు పారిపోయారు, సభలూ కేకలూ పెరిగాయి. గ్రీకు మోజు పోయి రోమన్ మోజు వచ్చింది, ప్రతి బట్టల కొట్టువాడూ తనొక రోమన్ పౌరుణ్ణనుకున్నాడు. ఉర్సుల్‌కు వాళ్ళ మీదా గౌరవం లేదు.

తొంభై ఒకటి మార్చిలో మాత్రం ఒక కబురు ఆమెను లేపి కూర్చోబెట్టింది. చేతిపనుల సంఘాలన్నీ రద్దు. ఇక ఎవరైనా ఏ పనైనా చేసుకోవచ్చు, ఏ పేరైనా కొట్టుకోవచ్చు. అసలు కొట్టకపోయినా అడిగేవాడు లేడు. ఆమె ఆ వారమే కమ్మరి దగ్గరికి పోయి తండ్రి ఇంటిపేరుతో 'యు. పిగాష్' అని ఒక ముద్ర చేయించుకుంది. కొట్టడానికి కుర్చీ లేదు. జప్తు చేసిన కుర్చీ గుర్తొచ్చి, ముద్రా సుత్తీ గౌను కుచ్చెళ్ళలోని సంచిలో వేసుకుని సంఘం కచేరీకి నడిచింది.

కచేరీ ఖాళీ అవుతోంది. బల్లలు, బీరువాలు, గోడ మీది పటాలు కూలీలు బండికెత్తుతున్నారు. లోపలి గదిలో ఒక్క కుర్చీ మిగిలింది. ఆమె కుర్చీ. దాని మీద కోర్బెల్ మేస్త్రీ కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో నిబంధనల పుస్తకం. అడ్డపట్టీ ఆయన వీపు రాపిడికి నున్నగా మెరుస్తోంది.

"లేవండి" అంది ఉర్సుల్.

"ఇది సంఘానిది."

"సంఘం లేదు. ఎన్నాళ్ళుగా కూర్చుంటున్నారు దీని మీద?"

ఆయన ఒళ్ళోని పుస్తకం మూశాడు. "నడుం నొప్పి తగ్గింది" అన్నాడు నెమ్మదిగా. "వేరే కుర్చీల్లో కూర్చోలేకపోయాను."

"ఎప్పుడన్నా కిర్రుమందా?"

"లేదు."

ఆయన లేచాడు. ఉర్సుల్ కుర్చీని బోర్లించింది. తన పేరు కొట్టడానికి చోటు వెతకబోయి, అడుగు చట్రం మీద ఏదో తగిలితే వేలితో తుడిచి చూసింది. సంఘం ముద్ర. మూడక్షరాలూ స్పష్టంగా ఉన్నాయి, లోపల దుమ్ము పేరుకుని నల్లబడి ఉన్నాయి. పెద్దలు పరీక్షించి, బాగుందని ఒప్పుకున్న సరుక్కి కొట్టే ముద్ర.

"ఇదెప్పుడు కొట్టారు?"

కోర్బెల్ పుస్తకం వైపు చూశాడు. "తెచ్చిన వారంలోనే. జప్తు చేసినదైతే విరగ్గొట్టాలి. కచేరీలో వాడుకోవాలంటే ముద్ర ఉండాలి. ముద్ర లేని సామాను ఉంచకూడదు. అది నిబంధన."

ఉర్సుల్ ఆ మూడక్షరాలనూ మళ్ళీ వేలితో తడిమింది. ఆ చలికాలానికి ముందే, ఆ ఎనిమిది కుర్చీలకు చెక్క కోయకముందే, ఈ మనిషి ఆమె పని నెగ్గిందని ఇనుముతో ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, దాన్ని పిర్రల కింద పెట్టుకున్నాడు. తను మోసిన ఏళ్ళన్నీ, లెనార్ట్ పోవడం, గడ్డికుర్చీలు, ఎండు రొట్టె, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఈ మనిషి ముందు ఏడవడం కంటే చావు నయమనిపించి ఏడుపు దిగమింగింది.

"అయితే నేను అప్పటి నుంచీ మేస్త్రీనే" అంది.

"కాగితం మీద కాదు."

ఆమె సంచిలోంచి ముద్ర తీసి సంఘం ముద్ర పక్కనే ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. ఖాళీ గది మోగింది. ఉర్సుల్ కుర్చీని తిరిగి నిలబెట్టి, దాని మీద కూర్చుంది. ఆ గదిలో మేస్త్రీల ఎదుట ఆడమనిషి ఎవరూ ఎప్పుడూ కూర్చోలేదు. వెనక్కి ఆనుకుని, కాళ్ళు బారజాపి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నేనెక్కడ కూర్చోను?" అన్నాడు కోర్బెల్, గది నాలుగు మూలలూ చూసి.

"మీ పుస్తకంలో చూడండి" అంది ఉర్సుల్.